పాత మోటారుబండిలో పొగకవాటపు దోషము



మోటారుబండి నేడు పల్లెలలో వింతవస్తువు కాదు. ఎడ్లబండి నిలిచిన చావడియెదుటనే ఇప్పుడు డీసెలుకారు నిలుచుచున్నది. ఎద్దు కుంటినచో ఏ కాలి గిట్ట నొచ్చినదో నడకనుబట్టి చెప్పగల పెద్దలు మీలో పెక్కుమంది యుందురు. కాని కారులో స్టీరింగు ముందరి పలకమీద పసుపుపచ్చని ఇంజను బొమ్మదీపము వెలిగినప్పుడు, ఆ పెద్దలే మేస్త్రి చెప్పినదెల్ల నమ్మి, అడిగినంత చెల్లించి తిరిగి వచ్చుచున్నారు. ఆ దీపము వెలుగుటకు కారణము లనేకములు. వానిలో ఒక్కదానిని గూర్చి మాత్రమే నేడు మనవి చేసెదను. బజారులో దానిని ఈజీఆర్ వాల్వు అందురు. పూర్తిపేరు ఎగ్జాస్టు గ్యాసు రీసర్క్యులేషను వాల్వు. ఇంజను విడిచిన పొగలో కొంతభాగమును మరల ఇంజనులోనికే త్రిప్పి పంపు కవాటమది. నోరు తిరుగుటకు సులువుగా నుండుటకై నేను దానిని పొగకవాటమనియే పిలిచెదను.

విడిచిన ఊపిరిని మరల పీల్చుట యేమి ఆరోగ్యమని మీరడుగవచ్చును. ప్రశ్న సమంజసమైనదే. మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ప్రాణవాయువు. మామూలు వేడిమిలో ఈ రెండును ఒకదాని జోలికి ఒకటి పోవు. కాని ఇంజను సిలిండరులో మంట మిక్కిలి తీవ్రమై, 1500 డిగ్రీల సెంటిగ్రేడును దాటిపోవునప్పుడు, అవి విశేషముగా కలిసి నత్రజని ఆక్సైడులను విషవాయువులుగా మారును. పొయ్యిలో మంట మితిమీరినచో ఇల్లాలు నిప్పులపై బూడిద చల్లి దానిని అణచునుగదా! కాలిపోయిన పొగ ఇంజనులో చేయునది ఆ బూడిదపనియే. అందులో ప్రాణవాయువు తక్కువ. బొగ్గుపులుసుగాలియు నీటియావిరియు ఎక్కువ. అవి తాము మండవు, మంటలోని వేడిని మాత్రము త్రాగివేయును. మంట చల్లబడును, విషవాయువు తగ్గును.

ఈ యేర్పాటు ఎందుకు పుట్టినదో రెండు మాటలలో చెప్పి ముందుకు సాగెదను. అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరమున ప్రజల కండ్లు మండించిన పొగమంచునకు మూలమేమో అరీ హాగెన్-స్మిట్ అను శాస్త్రజ్ఞుడు 1950వ దశకపు ఆరంభమున కనుగొనెను. బండ్లపొగలోని నత్రజని ఆక్సైడులు, కాలక మిగిలిన ఇంధనపు ఆవిరులు ఎండలో కలిసి ఓజోనుగా మారుచున్నవని ఆయన తేల్చెను. తరువాత 1970వ దశకమున ఆ దేశపు కారులకు పొగకవాటములు వచ్చినవి. మన దేశమున భారత్ స్టేజి నియమములు మెట్టుమెట్టుగా బిగిసినవి. మూడవ మెట్టు హైదరాబాదువంటి మహానగరములకు 2005లోను, మిగిలిన దేశమునకు 2010లోను వచ్చెను. నాలుగవది హైదరాబాదునకు 2010లో, దేశమంతటికిని 2017లో వచ్చినది. 2020 ఏప్రిలు 1వ తేదినుండి దేశమంతట ఆరవ మెట్టు నడచుచున్నది. కావున మీ యూరిలో పది పదునైదేండ్ల డీసెలుకారు ఉన్నచో, దానికి పొగకవాటము ఉండుటయే సహజము.

నేను బండ్లు బాగుచేయుచోటు హైదరాబాదునకు తూర్పున, దిల్‌సుఖ్‌నగరమునకును ఎల్.బి.నగరమునకును నడుమ. విజయవాడకు పోవు రాజమార్గము ఇదియే. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేర వెలసిన ఎల్.బి.నగరము నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము వైపులనుండి వచ్చు వారికి నగరద్వారమువంటిది; నాగార్జునసాగరపు దారియు ఇచ్చటనే వచ్చి కలియును. 2018 సెప్టెంబరు 24వ తేదినుండి అమీరుపేట, ఎల్.బి.నగరముల నడుమ మెట్రోరైలు నడచుచున్నది. నెత్తిమీద రైలు చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ నిలయములను దాటి కొలది నిమిషములలో పోవుచుండగా, క్రింద కారు మొదటి గేరులోనుండి రెండవదానికి, రెండవదానినుండి మరల మొదటిదానికి మారుచు ప్రాకుచుండును.

ఆ ప్రాకులాటయే పొగకవాటమునకు పగ. ఏలయన, డీసెలుబండిలో ఈ కవాటము తెరచుకొనునది ఇంజను వేడెక్కి, బరువు లేక తేలికగా నడచునప్పుడే. పూర్తిబలముతో గట్టు నెక్కునప్పుడు అది మూసికొనును. నగరపు రద్దీలో బరువు తక్కువ గనుక కవాటము తెరచియే యుండును. పొగలోని మసి చల్లని గొట్టములలో నిలిచిపోవును. ఇంజను అడుగునుండి నూనెయావిరి వచ్చు గొట్టము కూడ ఆ దారిలోనే కలియుటచే, మసియు నూనెయు కలిసి బండి యిరుసుకు పట్టిన కందెనవలె నల్లని ముద్దయగును. ఆ ముద్ద ఎండి గట్టిపడినచో కవాటము తెరచినది తెరచినట్లే, లేదా మూసినది మూసినట్లే నిలిచిపోవును.

ఈ రెండును ఒకే రోగము కావు. వీనిని వేరుచేసి చూచుటయే నిర్ణయమున మొదటి మెట్టు. కవాటము తెరచి నిలిచిపోయినచో, స్వచ్ఛమైన గాలికి చోటు చాలక నల్లనిపొగ వచ్చును. గట్టు నెక్కునప్పుడు బలము తగ్గును. నిలిపియుంచినప్పుడు ఇంజను వణకును. ఉదయమున స్టార్టగుట కష్టమగును. మూసి నిలిచిపోయినచో పొగ కానరాదు. బండి చక్కగనే నడచుచున్నట్లు తోచును. దీపము మాత్రము వెలుగును. కొన్ని బండ్లు తమ్ముతాము కాపాడుకొనుటకై వేగము పెరుగకుండ బిగబట్టుకొనును. పెట్రోలుబండ్లయందైనచో గట్టు నెక్కునప్పుడు టకటకమను చప్పుడు వినవచ్చును. నల్లపొగ వచ్చిన ప్రతిబండికిని కవాటమే దోషియని యనుకొనరాదు. గాలివడపోత మూసికొనిపోయినను, టర్బో గొట్టము పగిలినను, ఇంజెక్టరు కారుచున్నను అదే పొగ, అదే నీరసము. వడపోతను తీసి వెలుగునకు ఎదురుగా పట్టి చూచుటకు కానిఖర్చు లేదు. దానిని చూడకమునుపే కవాటమును విప్పువాడు తొందరపాటువాడు.

ఇక యంత్రము చెప్పు సంకేతమునుగూర్చి. మేస్త్రి స్కానరును తగిలించినప్పుడు అందులో పి-0401 అని కనబడవచ్చును. పొగప్రవాహము చాలలేదని దాని యర్థము. పి-0402 అనగా ప్రవాహము మితిమీరినదని, పి-0403 అనగా కవాటమును నడపు విద్యుత్తుదారిలో లోపమని. పెక్కుమంది ఆ అంకెను చూచినంతనే కవాటము చెడినదని తీర్పు చెప్పుదురు. కాని ఊరిలో దొంగతనము జరిగినదని చెప్పుట వేరు, దొంగపేరు చెప్పుట వేరు. ఆ అంకె చెప్పునది మొదటిదే.

దాని కారణము వినుడు. బండిలోని కంప్యూటరునకు పొగను చూచు కన్ను లేదు. గాలివడపోతను దాటినచోట వచ్చు గాలిని కొలుచు సెన్సారొకటి యున్నది. కవాటము తెరచినచో కొంతచోటు పొగ ఆక్రమించును గనుక, లోనికివచ్చు క్రొత్తగాలి ఆమేరకు తగ్గవలెను. తగ్గనిచో పొగ రాలేదని కంప్యూటరు ఊహించి దీపము వెలిగించును. అనేకములైన పాతబండ్లలో నడచు పద్ధతి యిది. కావున అనుమానింపదగినవారు ఐదుగురు: మూసి బిగిసిన కవాటము, దానిని లాగు వాక్యూము గొట్టము, ఆ లాగుడును విడుచుచు ఆపుచునుండు సోలినాయిడు, మసితో పూడిన దారి, తప్పుకొలత చెప్పు గాలిసెన్సారు. వీరిలో ఖరీదైనవానినే మొదట పట్టుకొనుట బజారులో అలవాటైనది.

కొన్ని మాసములక్రిందట నల్లగొండ జిల్లానుండి ఒక పెద్దమనిషి తన కారును నావద్దకు తెచ్చెను. 2012లో కొన్నది, ఏడుగురు కూర్చుండదగినది. ఊరిలో ఎవరికి జబ్బుచేసినను ఈ ప్రాంతపు ఆసుపత్రులకు ఆ బండియే మోసికొనివచ్చునట. దీపము వెలిగి, బండి గంటకు అరువది కిలోమీటర్లు దాటకుండెను. ఒకచోట పి-0401 చూచి, ఇరువదియెనిమిదివేల రూపాయలు తీసికొని క్రొత్త కవాటమును వేసిరి. ఇరువది దినములలో దీపము తిరిగి వెలిగెను. మరియొకచోట, ఆ దారికి రేకుబిళ్ల అడ్డముగా బిగించి మూసివేసినచో పీడ విరగడయగునని సలహా చెప్పిరి. ఆయన అడిగిన మాట యిది: "కొత్తది ఏసిన్రు, పైసలు తీసుకున్నరు, లైటు మల్ల ఎలిగింది. రేకు ఏపిస్తే ఐపోతద బిడ్డా?"

"రేకు సంగతి తరువాత చూతము పెద్దయ్యా, మొదట లాగుడు ఉన్నదో లేదో చూతము" అంటిని.

ఆ బండిలో కవాటమును తెరచునది విద్యుత్తు మోటారు కాదు, వాక్యూము. ఇంజనుతోపాటు తిరుగు చిన్నపంపు గాలిని పీల్చివేయుటవలన కలుగు లాగుడుబలమే వాక్యూము. బ్రేకునకు తోడ్పడునది కూడ ఈ బలమే. అందుచే నేను మొదట బ్రేకు పెడలును త్రొక్కి చూచితిని. ఇంజను నడచుచుండగా అది మెత్తగా దిగెను. పంపు బాగుగనే యున్నదని తెలిసెను. పెడలు రాయివలె గట్టిగా నున్నచో కవాటముమాట అటుంచి, ముందుగా బండిని కదలనీయకుండుట మేలు.

పిమ్మట ఇంజను వేడెక్కిన తరువాత, కవాటమువద్ద సన్నని రబ్బరుగొట్టమును ఊడదీసి దాని కొనను వ్రేలితో మూసి, సహాయకుని ఆక్సిలరేటరు మెల్లగా త్రొక్కుమంటిని. వ్రేలిని గొట్టము పీల్చవలెను. పీల్చలేదు. సోలినాయిడు మూతివద్ద చూడగా అచ్చట పీల్చుచున్నది. అనగా లోపము ఈ రెండింటి నడుమ, మూరెడు గొట్టములో. చేతిపంపును తగిలించి పదునైదు అంగుళముల పాదరసమువరకు లాగితిని; ముల్లు క్షణములో సున్నాకు జారెను. గొట్టమును త్రిప్పి చూడగా, వేడిగొట్టమునకు దగ్గరగా వంగినచోట, అడుగువైపున, పండిన చింతకాయ బెరడువలె పగిలియున్నది. పైనుండి చూచువానికి అది కనబడదు.

క్రొత్త గొట్టమునకైన ఖర్చు వందరూపాయలకు లోపు. కాని పని అంతటితో ముగియలేదు. స్కానరులో గాలికొలతను చూచుచు కవాటమును తెరపించితిని. కొలత తగ్గినది కాని చాలినంత తగ్గలేదు. ఇంజనును చల్లారనిచ్చి, కవాటమును విప్పి, దాని వెనుకదారిలో వ్రేలు పెట్టితిని. బొటనవ్రేలు పట్టవలసినచోట చిటికెనవ్రేలు దూరుట కష్టమైనది. క్రొత్త కవాటమును బిగించినవారు ఆ దారివైపు తొంగియైనను చూడలేదు. ఆ మసిని కొయ్యపుల్లతోను, కార్బను కరిగించు ద్రవముతోను తీయుటకు ఒక పూట పట్టెను. క్రొత్త గ్యాస్కెట్టు వేసి బిగించి మరల చూడగా, కవాటము తెరచినప్పుడెల్ల గాలికొలత దిగుచు, మూసినప్పుడెల్ల ఎక్కుచు, త్రాసుముల్లువలె ఆడెను. దీనినే నేను సాక్ష్యమందును. దీపము చెరిపివేసి పంపుట సాక్ష్యము కాదు.

ఆ పెద్దమనిషి వెనుకసీటు క్రింద పాతకవాటము గుడ్డలో చుట్టియున్నది. ఆయన దానిని పారవేయనీయలేదు. దానిని కడిగి చేతిపంపు తగిలించితిని. డయాఫ్రము చక్కగా లేచెను. ముల్లు అరనిమిషము కదలలేదు. నూలుపోగంత దోషమును లేని వస్తువునకు బదులుగా ఆయన ఇరువదియెనిమిదివేలు చెల్లించియుండెను. ఆయన కొంతసేపు మాటాడలేదు.

ఈ పనిని స్వయముగా చేయదలచు కుర్రవారు మీ యిండ్ల నుందురు; వారికి రెండు మాటలు. నడచుచున్న డీసెలు ఇంజను నోటిలోనికి శుభ్రపరచు ద్రవములను చిమ్మరాదు. ఆ ద్రవమునే ఇంధనముగా త్రాగి ఇంజను అదుపుతప్పి పరుగెత్తవచ్చును. విద్యుత్తుతో నడచు కవాటములను ద్రవములో ముంచరాదు, మోటారు చెడును. కవాటము కూర్చుండు అంచును ఇనుపబ్రష్షుతో గీకరాదు. మసి గొంతులోనికి పోకుండ ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను.

ఇప్పుడు రేకుసంగతి. దానిని వేయువారు చెప్పు మాటలలో కొంత నిజమున్నది. దారి మూసినచో మసి పేరుకొనదు, నల్లపొగయు తగ్గును. ఇంకొక చిత్రము: కాలుష్యపరీక్షకు పోయినచో ఆ బండి నిరాటంకముగా నెగ్గును. ఏలయన డీసెలుబండికి ఆ పరీక్షలో కొలుచునది పొగ యెంత చిక్కగా నున్నదో అంతమాత్రమే. పొగగుండ వెలుగును పంపి చూతురు. కంటికి కానరాని నత్రజని ఆక్సైడులను అచ్చట కొలువరు. మూడవ మెట్టు బండికి ఆరునెలలకొకసారి ఇచ్చు ఆ ధ్రువపత్రము రేకు వేసిన బండికిని వేయని బండికిని ఒకే రంగులో వచ్చును.

కాని కొలువనంతమాత్రమున విషము లేకపోదు. ఆ వాయువు ఉబ్బసమువారి రొమ్మును బిగించును. ఎండలో అది ఓజోనుకు మూలమగును. ఆ ఓజోను గాలివాటున నగరము దాటి పొలములమీదికి పోవును. గోధుమ, సోయాచిక్కుడు, ప్రత్తి మొదలగు పైరుల ఆకులను అది మాడ్చి దిగుబడిని తగ్గించునని శాస్త్రజ్ఞులు నిర్ధారించినదే. రేకు ఎల్.బి.నగరములో వేసినను దాని ఫలము ఎవరి చేనిలో పడునో చెప్పలేము. చట్టము కూడ దీనికి సమ్మతింపదు. 1988 నాటి మోటారువాహనముల చట్టములోని 190వ సెక్షను, 2019 సవరణ తరువాత, వాయుకాలుష్య నియమములను మీరి బండి నడపువానికి మూడుమాసములవరకు చెర, లేక పదివేల రూపాయలవరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చునని చెప్పుచున్నది.

రేకు వేసినను పెక్కుబండ్లలో దీపము ఆరదు. గాలి తగ్గలేదని కంప్యూటరు గ్రహించును గదా! అప్పుడు దానిని మభ్యపెట్టుటకై కంప్యూటరులోని వ్రాతనే మార్చువారు బయలుదేరిరి. ఇది మన బజారు తెలివి యనుకొనవలదు. జర్మనీకి చెందిన వోక్స్‌వాగన్ కంపెనీ ఇట్టిదానినే మహాయంత్రాంగముతో చేసినది. పరీక్షశాలలో ఉన్నప్పుడు ఒక తీరుగను, దారిమీద మరియొక తీరుగను నడచు వ్రాతను తన డీసెలుకారులలో పెట్టెను. 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణశాఖ దానిని బయటపెట్టగా, లోకమంతటను ఒక కోటి పదిలక్షల బండ్లలో ఆ వ్రాత యున్నదని కంపెనీయే ఒప్పుకొనెను. దారిమీద ఆ కారులు మితికి ఎన్నోరెట్లుగా విడిచినది ఈ నత్రజని ఆక్సైడులనే.

నా యెదుట కూర్చున్న పెద్దమనిషికి ఇంత చెప్పలేదు. మీ చేను బాటప్రక్కనే గదా యని మాత్రమే యంటిని. ఆయన రేకు వద్దనెను.

మీలో ఎవరి బండికైనను ఈ దీపము వెలిగినచో మేస్త్రిని కొన్ని మాటలు అడుగుడు. అంకె ఏమి వచ్చినది? కవాటము తెరచి నిలిచినదా, మూసి నిలిచినదా? గొట్టములో లాగుడు చూచితివా? దారిలో మసి చూచితివా? పని యైన పిమ్మట గాలికొలత దిగుటను నాకు చూపగలవా? మంచి మేస్త్రి ఈ ప్రశ్నలకు కోపగించుకొనడు, పైపెచ్చు సంతోషించును. తీసిన పాతభాగమును తప్పక తిరిగి తీసికొనుడు. రేడియేటరులోని నీరు బయటకు కారకయే తగ్గుచు, తెల్లనిపొగ వచ్చుచున్నచో అది వేరు సంగతి: పొగను చల్లార్చు కూలరు చిల్లిపడియుండవచ్చును. దానిని ఉపేక్షించినచో నీరు సిలిండరులోనికి పోయి ఇంజనే చెడును, ఆనాడే చూపింపవలెను.

ఇక నగరమునకు వచ్చి తిరిగిపోవు బండ్లకు ఒక చిన్న అలవాటు మేలు చేయును. దిల్‌సుఖ్‌నగరపు రద్దీలో ప్రాకి ప్రాకి వచ్చినపిమ్మట, హయతునగరము దాటి దారి ఖాళీయైనచోట, ఇరువది నిమిషములు నిలుకడగా, ఇంజను బరువు తెలియునట్లు నడపుడు. గట్టిపడిన మసిని ఇది ఊడదీయదు. క్రొత్తమసి పేరుకొనుటను మాత్రము ఆలస్యము చేయును. కిరసనాయిలు కలిసిన డీసెలు పోయించుకొన్నచో ఆ మేలు కూడ దక్కదు.